ఇరవై దాకా ఆగిన టీచరమ్మ

ఆ బడిలో మూడో తరగతికి పాఠం చెప్పే టీచరమ్మకి పిల్లలు పెట్టిన పేరు ఇరవై టీచరు. ఆ పేరు పెట్టిన పిల్లలు పెరిగి పెద్దవాళ్ళై, తమ పిల్లల్ని అదే గేటు దగ్గర దింపుతూ "ఇరవై టీచరు ఇంకా ఉందిలే, భయపడకు" అని చెప్పి వెళ్ళేవాళ్ళు. ఆవిడ విననట్టు నటించేది. నిజానికి ఆ మాట చెవిన పడ్డ రోజు ఆవిడ మెట్లెక్కే తీరు కొంచెం తేలికపడేది.

పేరు వెనక ఒక జబ్బు ఉంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఆవిడ గొంతు పూర్తిగా పోయింది. నెల రోజుల్లోపు నోరు మెదిపితే ఇక ఎప్పటికీ మెదపలేవన్నాడు డాక్టరు. సెలవు దొరకలేదు. చేసేది లేక ప్రశ్నని బోర్డు మీద రాసి కుర్చీలో కూర్చునేది. మొదట్లో ముందు బెంచీ పిల్లలు ఎప్పటిలాగే జవాబు అరిచేసేవాళ్ళు. ఆవిడ పెదాల మీద వేలు పెట్టి, కిటికీ వైపు తిరిగి, కాస్త ఓపిక పట్టండ్రా అన్నట్టు బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపులు లెక్కపెట్టేది. ఇరవై అయ్యాక తిరిగి చూసేది. రెండు వారాలు గడిచాక ఒక వింత జరిగింది. ఏడాది పొడుగునా గోడకి కొట్టిన మేకుల్లా కూర్చున్న వెనక బెంచీ పిల్లలు, పదిహేను, పదహారు దగ్గర కళ్ళెత్తడం మొదలుపెట్టారు. ఇరవై అనగానే చేతులెత్తారు. వాళ్ళలో సగం మంది జవాబులు సరైనవి. మిగతా సగం తప్పే, కానీ ఆ తప్పుల్లో ఆలోచన ఉంది.

గొంతు తిరిగొచ్చింది. ఆ మౌనాన్ని మాత్రం ఆవిడ వదులుకోలేదు. ఇరవై మూడేళ్ళుగా ఆవిడ తరగతిలో అదొక్కటే చట్టం. ప్రశ్న అడిగాక ఇరవై అయ్యేదాకా చెయ్యి ఎత్తకూడదు, నోరు తెరవకూడదు. ఆ చట్టం తెలియని కొత్త మనిషి వరండాలోంచి చూస్తే, టీచరమ్మ పాఠం మరిచిపోయి కిటికీలోంచి కాకుల్ని చూస్తోందనుకుంటాడు. అలా అనుకున్నవాళ్ళు ఉన్నారు కూడా.

ఇంట్లో ఆవిడా, ఆవిడ అక్కా. అక్క ఆసుపత్రిలో నర్సుగా చేసి విశ్రాంతి తీసుకుంటోంది. విశ్రాంతి ఒంటికే, నోటికి కాదు. "నిన్ను చేసుకుంటానని ఒక పెద్దమనిషి వచ్చి అడిగితే నువ్వు ఇరవై లెక్కపెట్టావు. పాపం, ఆయన పంతొమ్మిది దగ్గరే లేచి వెళ్ళిపోయాడు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. టీచరమ్మ నవ్వేది. ఆ పెద్దమనిషి నిజంగానే చాలా తొందరపడ్డాడు మరి.

ఆ ఏడాది బడి తెరిచాక మూడో తరగతికి వచ్చిన ముప్ఫై ఇద్దరిలో ఒక పిల్ల ఉంది. బస్టాపు ఎదురుగా బట్టలు కుట్టే షాపులో కాజాలు తీసి గుండీలు కుట్టే ఆవిడ కూతురు. తోటి పిల్లలు దాన్ని నిదానం అని పిలిచేవాళ్ళు. పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరగడానికి కూడా దానికి కాస్త సమయం పట్టేది. రెండో తరగతి మాస్టారు హాజరు పట్టీ అప్పగిస్తూ, "ఈ పిల్ల దగ్గర మీ ఇరవై చాలదు టీచరమ్మా, నూటఇరవై పెట్టుకోండి" అన్నాడు.

చాలింది. రెండు నెలలు పట్టింది, అంతే. ఒకరోజు టీచరమ్మ అడిగింది: "ఒక బెంచీ మీద నలుగురు కూర్చోవచ్చు. మన తరగతిలో ముప్ఫై ఇద్దరున్నారు. ఎన్ని బెంచీలు కావాలి?" కిటికీ వైపు తిరిగి లెక్కపెట్టింది. ఇరవై అనగానే చేతులు లేచాయి. "ఎనిమిది, ఎనిమిది" అన్నారు అందరూ. చివర్న ఒక చెయ్యి భుజం దాకా లేచి ఆగింది.

"చెప్పమ్మా."

"తొమ్మిది."

తరగతి గొల్లుమంది. టీచరమ్మ చెయ్యెత్తి నవ్వు ఆపించి, "ఎందుకు తొమ్మిది?" అంది.

పిల్ల తన బెంచీ కేసి చూసింది. "ఈ బెంచీ కాలు విరిగింది కదా టీచర్. దీని మీద ఇద్దరమే కూర్చుంటాం. నలుగురు కూర్చుంటే పడిపోతారు."

టీచరమ్మ బెంచీలు లెక్కపెట్టింది. తొమ్మిదే ఉన్నాయి. రోజూ ఆ గదిలోనే తిరుగుతూ ఆవిడ కూడా ఎనిమిది అనే అనుకుంది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అక్కకి ఈ ముచ్చట మూడుసార్లు చెప్పింది. మూడోసారి అక్క, "అయితే ఆ బెంచీ బాగు చేయించలేదా ఇంకా?" అంది. అక్క నర్సు కదా, ముందు విరిగిన కాలే కనిపిస్తుంది.

అలాంటి రోజుల్లో బడికి కొత్త పథకం వచ్చింది. దాని పేరు సమగ్ర వికాసం. ఇక మీదట చదువు పుస్తకం చుట్టూ కాదు, పిల్లల చుట్టూ తిరుగుతుందన్నారు. పిల్లల మనసు, ఒళ్ళు, స్నేహం, కుతూహలం, అన్నీ చూడాలన్నారు. మెట్ల పక్క గోడ మీద పెయింటరు చేత ఒక బొమ్మ వేయించారు. మధ్యలో నవ్వుతున్న పిల్ల, చుట్టూ ఎనిమిది బాణాలు, అన్నీ పిల్ల వైపే. కింద పెద్ద అక్షరాలతో "పిల్లలే కేంద్రం" అని రాశారు. నాలుగో తరగతి మాస్టారు ఆ బొమ్మ ముందు నిలబడి టీ తాగుతూ, "ఇన్ని బాణాలు గురిపెడితే పిల్ల బతుకుతుందా టీచరమ్మా?" అన్నాడు. ఆయన ప్రతిదాన్నీ వేళాకోళం చేస్తాడు. అందుకే ఆయన చెప్పేదాన్లో నిజం ఎవరికీ కనిపించదు.

టీచరమ్మకి మాత్రం ఆ గోడ చూసినప్పుడల్లా లోపల ఏదో కదిలేది. ఇరవై మూడేళ్ళుగా ఒంటరిగా, దొంగతనంగా చేసినట్టు చేసిన పనికి ఇన్నాళ్ళకి ఎవరో పేరు పెట్టారనిపించింది.

పథకంతో పాటు ఫారాలు వచ్చాయి. ఒక్కొక్క పిల్లకి నాలుగు పేజీలు, నలభై ఆరు ప్రశ్నలు. మిగతా మాస్టార్లు వరండాలో కూర్చుని, ఒకరు ప్రశ్న నంబరు చదువుతుంటే మరొకరు టిక్కులు కొట్టుకుంటూ ఒక మధ్యాహ్నంలో ముగించారు. టీచరమ్మ ఫారాలన్నీ సంచీలో పెట్టుకుని ఇంటికి మోసుకుపోయింది.

ముప్ఫై ఒకటో ప్రశ్న దగ్గర ఆవిడ కలం ఆగింది. "సమాధానం చెప్పడానికి ఈ విద్యార్థికి అదనపు సమయం అవసరమా? అవును / కాదు. అవునైతే వివరించండి."

ఆవిడ ఆ వాక్యం రెండోసారి చదివింది. ఇరవై మూడేళ్ళలో పైనుంచి వచ్చిన ఏ కాగితమూ ఆవిడని ఈ ప్రశ్న అడగలేదు. ఎన్ని మార్కులు, ఎంతమంది పాసు, ఎన్నిరోజులు రాలేదు, ఇవే అడిగాయి. ఇది మాత్రం తననే వెతుక్కుంటూ వచ్చినట్టుంది.

నిదానం ఫారంలో "అవును" దగ్గర గట్టిగా టిక్కు కొట్టింది. వివరించడానికి రెండు గీతలే ఇచ్చారు. అవి చాలక వేరే తెల్లకాగితం తీసి, బెంచీ సంగతి మొదటినుంచీ రాసింది. ఈ పిల్ల ఆలస్యం బద్ధకం కాదనీ, మనం చూడని విరిగిన కాలిని చూడటానికి పట్టే సమయమనీ రాసింది. ఇలాంటి పిల్లలకి ఆగే తరగతులు కావాలని రాసింది.

"ఏమే, ఎవరికే అంత ఉత్తరం?" అంది అక్క.

"ఫారం అక్కా."

"ఫారానికి అంత ప్రేమ పనికిరాదు. పేషెంటు సంగతులు నేను చార్టులో రాసేదాన్ని కదా, మూడు ముక్కలు. నాలుగో ముక్క రాస్తే డాక్టరు తప్పుగా చదివేవాడు."

"వాళ్ళే అడిగారు అక్కా, వివరించమని."

"అడుగుతారే. అడగటం వాళ్ళ ఉద్యోగం" అని అక్క కళ్ళజోడు తుడుచుకుంది.

మూడు వారాలకి జాబితా వచ్చింది. బడి మొత్తంలో ఐదుగురి పేర్లున్నాయి. వచ్చే సోమవారం నుంచి వాళ్ళని తరగతుల్లోంచి తీసి చేయూత గదికి మార్చాలి. జాబితాలో మూడో తరగతి నుంచి ఒకే పేరు.

చేయూత గది అంటే మెట్ల కింద గది. అంతకుముందు విరిగిన బల్లలూ, గాలి పోయిన బంతులూ పడేసేవాళ్ళు. గోడకి పసుపు రంగు వేసి, కింద చాప పరిచి, తలుపు మీద చెయ్యి బొమ్మ గీశారు. దానికంటూ నియమించిన టీచరు వారానికి రెండుసార్లు వస్తుంది. మిగతా రోజులు పిల్లలు బొమ్మలకి రంగులు వేస్తారు. ఈ పథకాన్నే పోయినేడాది పై తరగతుల్లో ప్రయోగంగా నడిపి చూసినప్పుడు ఈ గదిలో పెట్టిన ముగ్గురు ఇంకా రంగులే వేస్తున్నారు. ఆ గదిలోకి వెళ్ళడానికే తలుపు ఉంది, రావడానికి లేదు.

టీచరమ్మ జాబితా చేత్తో పట్టుకుని పెద్ద సారు గదిలోకి వెళ్ళింది. పెద్ద సారు చెడ్డవాడు కాదు. పై నుంచి కాగితం వస్తే దాన్ని కిందికి పంపడమే మర్యాద అనుకునే మనిషి.

"ఈ పేరు పొరపాటున పడింది సార్."

"పొరపాటెక్కడమ్మా? ముప్ఫై ఒకటికి అవునని మీరే కొట్టారుగా. ఎవరికైనా అవునని ఉంటే వాళ్ళు చేయూతకి వెళతారు. ఫారం వెనక నిబంధనల్లో ఉంది, చూసుకోలేదా?"

"ఎక్కువ సమయం ఇవ్వండని రాశాను సార్. పిల్లని తీసేయండని రాయలేదు."

"ఇస్తున్నారు కదమ్మా? అక్కడ రోజంతా సమయమే" అన్నాడు పెద్ద సారు. వెటకారం చెయ్యలేదు. నిజంగా ఓదార్చాలనే అన్నాడు. అదే ఆవిడకి ఎక్కువగా గుచ్చుకుంది.

"నేను కాగితం కూడా జతచేశాను. చదవలేదా ఎవరూ?"

పెద్ద సారు బీరువాలోంచి ఫైలు తీశాడు. ఆవిడ రాసిన తెల్లకాగితం ఉంది. దాని మూల మీద ఎర్ర సిరాతో ఎవరో "ఉపాధ్యాయురాలి ధ్రువీకరణ జతపరచబడినది" అని రాశారు. అంటే ఆ పిల్లకి శిక్ష వెయ్యడానికి ఆవిడ కాగితమే సాక్ష్యమైంది.

కారిడార్లోకి వచ్చేసరికి నాలుగో తరగతి మాస్టారు ఎదురయ్యాడు. ఆయనకి అప్పటికే అంతా తెలుసు.

"కొరివితో తల గోక్కున్నారు టీచరమ్మా. ముప్ఫై ఒకటికి కాదని కొట్టాలని ఈ బడిలో ప్యూనుకి కూడా తెలుసు. నా తరగతిలో ఒకడు తన పేరు చెప్పడానికే గంట తీసుకుంటాడు. వాడికీ కాదనే కొట్టా."

"నిజం రాయకూడదా మాస్టారూ?"

"రాయొచ్చు. డైరీలో." ఆయన ఒక్క క్షణం వేళాకోళం మాని గొంతు తగ్గించాడు. "తిరిగి పరిశీలించమని అర్జీ పెట్టండి. వారంలో పథకం ఆఫీసు నుంచి ఒక మేడమ్ వస్తుంది. పది ప్రశ్నలు. ఒక్కోదానికి ఐదు సెకన్లు. ఏడు చెప్తే పిల్ల మీ దగ్గరే ఉంటుంది. ప్రశ్నలు పోయినేడాదివే, ఈ ఏడాదివీ అవే. కొత్తవి రాసే ఓపిక వాళ్ళకి ఎక్కడిది? నా దగ్గర ఉన్నాయి."

జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. ఆవిడ తీసుకోలేదు.

"ఇరవై లెక్కపెట్టుకోండి పోనీ" అని ఆయన కాగితాన్ని ఆవిడ హాజరు పట్టీలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమే కాజాల ఆవిడ వచ్చింది. బడి బయట గేటు పక్కన నిలబడి ఉంది. మెడలో వేలాడే టేపు తీయడం కూడా మర్చిపోయింది. కుట్టుపని మధ్యలో లేచి వచ్చినట్టుంది. వేళ్ళకి దారం ముక్కలు అంటుకుని ఉన్నాయి.

"అమ్మా, మీరు రాసిన కాగితం వల్లేనటగా?"

టీచరమ్మ గేటు తీసి బయటికి వచ్చింది.

"మా అమ్మాయి మాట్లాడుతోంది, బడిలో చెయ్యెత్తుతోంది అని నేను షాపులో అందరికీ చెప్పుకున్నాను. మా ఓనరమ్మ నవ్వింది. నవ్వనీ అనుకున్నా. ఇప్పుడు ఆ మెట్ల కింద గదిలో కూర్చోబెడతారట. రేపు మా ఓనరమ్మకి నేనేం చెప్పను?"

"దానికి మంచి జరగాలనే రాశానమ్మా."

"మందబుద్ధి అని రాశారా?"

"అయ్యో, లేదు. ఆ మాటే రాయలేదు."

"రాయకపోయినా అలాగే చదివారుగా." కాజాల ఆవిడ గొంతు పెరగలేదు. "అమ్మా, నేను చొక్కా మీద కాజా ఒకటి తప్పు చోట తీస్తే, ఆ చొక్కా ఇంక సరిపడదు. కుట్టు విప్పినా బొక్క ఉండిపోతుంది. మీరు చదువుకున్నవాళ్ళు. పెట్టే చోటు చూసుకుని పెట్టాలిగా?"

టీచరమ్మ బొటనవేలు వేళ్ళ కణుపుల మీదికి వెళ్ళింది. అలవాటు. నాలుగు దాటకముందే ఆవిడ, "మీ అమ్మాయి నా తరగతిలోనే ఉంటుంది" అంది. జీవితంలో మొదటిసారి ఆలోచించకుండా జవాబు చెప్పింది.

అర్జీ పెట్టింది. శుక్రవారం వస్తామన్నారు, అప్పటిదాకా పిల్ల తరగతిలోనే ఉండొచ్చన్నారు. మధ్యలో నాలుగు రోజులు.

సోమవారం బడి వదిలాక అందరూ వెళ్ళిపోయారు. గదిలో పిల్లా, టీచరమ్మా. ఊడ్చే ఆవిడ వరండాలో బకెట్టు ఈడుస్తున్న చప్పుడు. టీచరమ్మ హాజరు పట్టీలోని కాగితం తీసింది.

"ఇవాళ కొత్త ఆట. నేను అడుగుతాను, తర్వాత చప్పట్లు కొడతాను. చప్పట్ల లోపే నువ్వు చెప్పెయ్యాలి. సరేనా?"

పిల్ల తలూపింది, కాసేపటికి.

"నీళ్ళు వేడి చేస్తే ఏమవుతాయి?"

చప్పట్లు. పిల్ల ఆ చేతుల్ని చూస్తూనే ఉంది. తర్వాత నెమ్మదిగా, "ఎంతసేపు వేడి చేస్తే టీచర్?" అంది.

మామూలు రోజైతే ఆ ప్రశ్నకి టీచరమ్మ లేచి వెళ్ళి, మంచి ప్రశ్నకి గుర్తుగా బోర్డు మీద చుక్క పెట్టేది. ఆ రోజు, "ఆవిరవుతాయి. అంతే చెప్పు. ఆవిరి" అంది.

"మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

చప్పట్లు. చప్పట్లు ముగిసి చాలాసేపయ్యాక పిల్ల, "నాన్న వచ్చిన రోజా, రాని రోజా?" అంది.

టీచరమ్మ కిటికీ వైపు తిరిగింది. లెక్కపెట్టడానికి కాదు.

"ముగ్గురు అని చెప్పమ్మా."

పదో ప్రశ్న దగ్గర అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టింది. నీకు ఇష్టమైన పని ఏది, అని. చప్పట్లు కొట్టింది, మళ్ళీ కొట్టింది. పిల్ల ముఖంలో ఒకదాని తర్వాత ఒకటి ఏవేవో వచ్చి పోతున్నాయి. చివరికి, "అమ్మ డబ్బాలో గుండీలు వెతకడం" అంది. "ఊడిపోయిన గుండీకి జత దొరకదు కదా టీచర్, దగ్గర దగ్గరగా ఉన్నవి చాలా ఉంటాయి, కానీ అదే ఉండదు. వెతికితే ఒక్కోసారి ఉంటుంది."

"పుస్తకాలు చదవడం అని చెప్పు."

"నాకు గుండీలు..."

"తెలుసమ్మా. మేడమ్‌కి పుస్తకాలని చెప్పు."

పిల్ల కాసేపు ఆలోచించింది. తర్వాత అడిగింది: "ఆలోచించొద్దా టీచర్?"

ఆ గదిలో ఇరవై మూడేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అది.

"వద్దు. ఈ నాలుగు రోజులూ వద్దు."

"తర్వాత ఆలోచించొచ్చా?"

"తర్వాత నీ ఇష్టం."

మంగళవారం చప్పట్ల తర్వాత వచ్చేది జవాబు. బుధవారం చప్పట్లతో పాటు వచ్చింది. గురువారం చప్పట్ల కంటే ముందే వచ్చింది. ఒక్కసారి జవాబు ముందు పడగానే పిల్ల ముఖం విప్పారింది. తనకూ పరుగెత్తడం వచ్చని కాళ్ళకి తెలిసినప్పుడు ఉండే సంతోషం అది. టీచరమ్మ కూడా నవ్వింది. నవ్వకుండా ఎలా ఉంటుంది? అంత తొందరగా నేర్చుకునే పిల్లని ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

ఇంటికెళ్ళాక అక్క అన్నం వడ్డిస్తూ, "ఏమైందే, మొహం అలా పెట్టావు?" అంది.

"నా చేత్తో నేనే చప్పట్లు కొడుతున్నా అక్కా."

అక్కకి అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పకుండా ఇంకో గరిటె వడ్డించింది.

శుక్రవారం మేడమ్ వచ్చింది. వయసులో ఉన్న మనిషి, మృదువుగా మాట్లాడుతుంది. పిల్లని భయపెట్టకుండా పక్కన చిన్న కుర్చీలో కూర్చుంది. మెడలో తాడుకి చిన్న స్టాప్‌వాచీ. గోడ మీది "పిల్లలే కేంద్రం" బొమ్మ ఆవిడ ఫైలు అట్ట మీద కూడా ఉంది.

"ఏడు ఎనిమిదులు?"

"యాభై ఆరు."

"నీళ్ళు వేడి చేస్తే?"

"ఆవిరి."

"మీ ఇంట్లో ఎంతమంది..."

"ముగ్గురు."

మేడమ్ స్టాప్‌వాచీని నొక్కడమే మానేసింది. పదో ప్రశ్న సగంలో ఉండగానే పిల్ల "పుస్తకాలు చదవడం" అంది. మేడమ్ పకపకా నవ్వింది.

"ఎంత చురుకైన పిల్ల! ఈ పిల్లకా అదనపు సమయం?" అని టీచరమ్మ వైపు తిరిగింది. "చూడండి, మన పాత అంచనాలే పిల్లలకి అడ్డం. పిల్లని పిల్లగా చూడాలి. అదే ఈ పథకం ఉద్దేశం."

పిల్ల పదికి పది చెప్పింది.

మేడమ్ ఫైలు తెరిచి ఒక కాగితం ముందుకు జరిపింది. "పేరు తీసెయ్యాలంటే మీ మొదటి రిపోర్టుని మీరే రద్దు చెయ్యాలి. ఇక్కడ ఒక్క వాక్యం రాయండి. మీ పరిశీలన పొరపాటని."

టీచరమ్మ కలం తీసింది. బెంచీ సంగతి రాసిన తెల్లకాగితం ఆ ఫైల్లోనే, కింద కనిపిస్తోంది. తన అక్షరాలే. "పై విద్యార్థిని గురించి నా పరిశీలన పొరపాటు" అని రాసి సంతకం పెట్టింది. అందులో ఒక్క అక్షరం కూడా కొట్టివేత లేదు.

సాయంత్రం గేటు దగ్గర కాజాల ఆవిడ టీచరమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "మీ చేతి చలవమ్మా. మొన్న నోరు జారాను, మనసులో పెట్టుకోకండి. ఇంట్లో ఏదడిగినా ఠకాఠకా చెప్పేస్తోంది. మా ఓనరమ్మే నోరెళ్ళబెట్టింది." తను కుట్టిన చిన్న గుడ్డ సంచీ ఇచ్చింది, దానికి నాలుగు గుండీలు, నాలుగూ ఒకే రకానివి. వద్దన్నా వినలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి పెద్ద సారు ఆవిడని పిలిచి, పక్క బడి టీచర్లు మన మూడో తరగతి చూడ్డానికి వస్తారని చెప్పాడు. నిదానాన్ని ముందు బెంచీలో కూర్చోబెట్టమన్నాడు. ఆవిడ కూర్చోబెట్టలేదు. పిల్ల తన పాత చోటు వదలనంది అని చెప్పింది. అది అబద్ధం. పిల్లని అడగనేలేదు.

ఇప్పుడు ఆ పిల్లని ఎవరూ నిదానం అనరు. రైలు అంటారు. మిగతా పిల్లలు కూడా దాన్ని చూసి చప్పట్ల ఆట ఆడుకుంటున్నారు, ఇంటర్వెల్‌లో, నీళ్ళ పంపు దగ్గర. ఎవరు ముందు చెప్తే వాళ్ళు గెలిచినట్టు.

పాత ప్రశ్న ఒకటి మళ్ళీ అడుగుదామని టీచరమ్మ ఒక సోమవారం దాకా ఆగింది. నాలుగు రోజులు అయిపోయాయి కదా, ఆ తర్వాత నీ ఇష్టం అంది కదా. ఆ సోమవారం ఎందుకో ధైర్యం చాలలేదు. చివరికి ఒకరోజు మధ్యాహ్నం పుస్తకం మూసేసి నిలబడింది.

"ఒక బెంచీ మీద నలుగురు కూర్చోవచ్చు. మన తరగతిలో ముప్ఫై ఇద్దరున్నారు. ఎన్ని బెంచీలు కావాలి?"

కిటికీ వైపు తిరిగింది. బొటనవేలు చూపుడువేలి మొదటి కణుపు మీద పెట్టింది.

"ఎనిమిది!"

ఆ గొంతు ఆవిడకి తెలుసు. అయినా తిరగలేదు. వెనక నుంచి మిగతావాళ్ళు కూడా "ఎనిమిది, ఎనిమిది" అన్నారు. ఆవిడ రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడుతూనే ఉంది. ఎనిమిది, తొమ్మిది. తొమ్మిది దగ్గర కాసేపు ఆగి, పది నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. తరగతి అప్పటికే వేరే సంగతులు మాట్లాడుకుంటోంది. ఎవరో పెన్సిలు చెక్కుతున్నారు.

ఇరవై అయ్యాక తిరిగింది. పిల్ల ఆవిడ కళ్ళలోకి నేరుగా చూస్తూ నవ్వుతోంది, చప్పట్ల కంటే ముందు చెప్పినందుకు. విరిగిన కాలు బెంచీ అటు ఒరగకుండా, కుడి పాదం నేలకి గట్టిగా ఆనించి, ఒక పక్కకి జరిగి కూర్చుని ఉంది. రోజూ అలాగే కూర్చుంటుంది.

"బాగా చెప్పావమ్మా" అంది టీచరమ్మ.